లెక్క చూపిన దారి, డ్రైవరుకు తెలిసిన దారి



గత నెలలో మాకందిన ఉత్తరాలలో ఒకటి ఈసారి మన శీర్షికకు విషయమయింది. కోస్తా జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరుడు వ్రాశారు. టోకు వర్తకుల గోడౌన్ల నుంచి సరుకు తీసుకుని, పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాలలోనూ ఉన్న కిరాణా దుకాణాలకు చేరవేయడం ఆయన వ్యాపారం. ఆరు ట్రాలీ ఆటోలు, ఆరుగురు డ్రైవర్లు ఉన్నారు. కంప్యూటర్ చదువు పూర్తిచేసుకుని ఇంటికి వచ్చిన ఆయన కుమారుడు, ఏ డ్రైవరు రోజుకు ఎన్ని దుకాణాలకు సరుకు చేర్చాడో రెండు నెలలపాటు ఫోనులో నమోదు చేయించి, ఒక పట్టిక తయారుచేశాడు. ఐదుగురి సగటు రోజుకు 30 దుకాణాలకు కాస్త అటూ ఇటూగా ఉన్నది. ఆరవ వ్యక్తి సగటు 19 మాత్రమే. ఆ వ్యక్తి పద్నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న పెద్దవాడు. మిగిలిన డ్రైవర్లందరూ ఆయనను ‘చాచా’ అని పిలుస్తారు.

“అబ్బా, లెక్క అబద్ధం చెప్పదు. ఆయన స్థానంలో మరొకరిని పెట్టుకుందాం” అంటున్నాడట కుమారుడు. “నా మనసు ఒప్పుకోవడం లేదు. అయితే నా మెతకదనం వల్ల వ్యాపారం నష్టపోతున్నదేమో అన్న అనుమానం కూడా నన్ను వదలడం లేదు. ఏం చేయమంటారు?” అని తండ్రి అడుగుతున్నారు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. వ్యాపారంలోకి అడుగుపెడుతున్న మన పిల్లలు ‘డేటా’ అన్న మాటను వెంట తెస్తున్నారు. పెద్దలకు అనుభవమే ఆధారం. ఈ రెండింటికీ మధ్య పోటీ పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. ఇందుకు సరుకు చేరవేసే వ్యాపారంలోనే, అందులోనూ ప్రపంచంలోకెల్లా పెద్ద సంస్థలలో ఒకదాని చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉన్నది. ముందు దానిని చూసి, తరువాత ఆ సోదరుని ప్రశ్నకు వద్దాం.

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1907లో జేమ్స్ కేసీ అనే పందొమ్మిదేళ్ళ యువకుడు తన మిత్రుడు క్లాడ్ ర్యాన్‌తో కలిసి, 100 డాలర్లు అప్పు తీసుకుని ఒక చిన్న వార్తాహరుల సంస్థను ప్రారంభించాడు. కుర్రాళ్ళు కాలినడకన, సైకిళ్ళమీద వెళ్ళి చీటీలూ పొట్లాలూ అందించేవారు. అదే కాలక్రమంలో యునైటెడ్ పార్సెల్ సర్వీస్, అంటే యూపీఎస్‌గా ఎదిగింది. పనిని కొలిచి చూడడం ఆ సంస్థకు తొలినాళ్ళ నుంచీ ఉన్న అలవాటు. డ్రైవరు బండి ఎలా దిగాలి, తాళంచెవి ఎక్కడ పట్టుకోవాలి అన్నంతవరకూ అక్కడ పద్ధతులున్నాయి.

అంత సూక్ష్మంగా లెక్క చూసే సంస్థకు కూడా ఒక సమస్య చాలాకాలం కొరుకుడు పడలేదు. ఒక డ్రైవరు రోజుకు వందకు పైగా చోట్లకు వెళ్ళాలి. ఏ చోటికి ముందు, ఏ చోటికి తరువాత వెళ్తే దూరం తగ్గుతుంది? వినడానికి ఇది తేలికగానే ఉంటుంది. ఐదు ఇళ్ళకు వెళ్ళవలసి ఉంటే వాటి వరుసను 120 విధాలుగా అమర్చవచ్చు. పది ఇళ్ళయితే 36,28,800 విధాలు. 120 ఇళ్ళయితే ఆ సంఖ్యను వ్రాయడానికి 199 అంకెలు కావాలి. వాటన్నింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం ఏ కంప్యూటరుకూ సాధ్యం కాదు. కనుక చాలా మంచి దారిని త్వరగా వెదికిపెట్టే గణన పద్ధతులు కావాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఒక్కొక్క డ్రైవరూ రోజుకు ఒక్క మైలు, అంటే సుమారు 1.6 కిలోమీటర్లు, తక్కువగా నడిపితే సంస్థ మొత్తానికి ఏడాదికి 5 కోట్ల డాలర్ల వరకూ మిగులుతుందని యూపీఎస్ లెక్కకట్టింది. చిన్న ఆదా అనేకమంది చేతుల మీదుగా జరిగితే పెద్ద మొత్తమవుతుంది. మన ఇళ్ళలో గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే తల్లులకు ఈ సంగతి ఎవరూ నేర్పనవసరం లేదు.

2003లో ఆ సంస్థ మొదట ఏ పార్సెల్ ఏ బండిలో, ఏ అరలో ఉండాలో ముందుగానే నిర్ణయించే ఏర్పాటు చేసింది. 2008 నుంచి బండ్లకు పరికరాలు అమర్చి, ఎక్కడ ఆగింది, ఇంజను ఎంతసేపు ఊరికే నడిచింది, తలుపు ఎప్పుడు తెరుచుకున్నది వంటి వివరాలను సేకరించింది. ఎదురువచ్చే వాహనాలకు అడ్డంగా తిరగవలసిన మలుపులను వీలైనంత తగ్గించింది. అమెరికాలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి గనుక అక్కడ అది ఎడమ మలుపు. మన దేశంలోనైతే కుడి మలుపు. అలాంటి మలుపు వద్ద బండి నిలబడి కాచుకోవాలి, పెట్రోలు వృథా అవుతుంది, ప్రమాదానికి అవకాశం ఎక్కువ. కొంచెం చుట్టు తిరిగినా మొత్తం మీద లాభమేనని లెక్కలు చూపాయి.

వీటన్నింటి తరువాత వచ్చినది ‘ఓరియన్’ అనే కంప్యూటర్ వ్యవస్థ. డ్రైవరు ఉదయం బయలుదేరే ముందే ఆనాటి పార్సెళ్ళను బట్టి దారి వరుసను అది సూచిస్తుంది. 2016 నాటికి అమెరికాలో దాదాపు 55,000 మార్గాలకు దానిని విస్తరించారు. ఏడాదికి 10 కోట్ల మైళ్ళ ప్రయాణమూ, కోటి గ్యాలన్ల ఇంధనమూ ఆదా అవుతాయని సంస్థ ప్రకటించింది. అంటే సుమారు 16 కోట్ల కిలోమీటర్లు, 3.8 కోట్ల లీటర్లు. గణితాన్ని వ్యవహారంలో ఉపయోగించినందుకు ఇచ్చే ఫ్రాంజ్ ఎడెల్‌మాన్ పురస్కారం 2016లో ఆ పనికే లభించింది.

ఇంతవరకూ చదివితే ఉత్తరం వ్రాసిన సోదరుని కుమారునిదే పైచేయి అనిపిస్తుంది. అయితే ఆ కథలో మరొక భాగమున్నది. మనకు అసలు అవసరమైనది అదే.

ఓరియన్ తొలి రోజులలో చూపిన దారులు దూరంలో తక్కువే గాని, ఆచరణకు నిలబడలేదు. జాక్ లెవిస్ నాయకత్వంలో ఆ పని చేసిన బృందానికి కారణాలు ఒక్కొక్కటిగా తెలియవచ్చాయి. బయట దొరికే మ్యాపులు ఈ పనికి చాలలేదు. మ్యాపులో చిరునామా వీధి ముఖాన ఉంటుంది, సరుకు దించవలసిన ద్వారం వెనుక సందులో ఉంటుంది. రోడ్డు నుంచి ఇంటి గుమ్మం వరకూ ఉన్న పొడవైన సొంత దారి మ్యాపులో కనిపించదు. ఫలానా కార్యాలయానికి ఫలానా వేళలోపే ఇవ్వాలి. ఒక ఖాతాదారు రోజూ ఒకే సమయానికి డ్రైవరు వస్తాడని ఎదురుచూస్తాడు. ఈ రోజు పొద్దున, రేపు సాయంత్రం వెళ్తే అతనికి ఇబ్బంది. ఈ విషయాలేవీ ఏ కాగితం మీదా లేవు. అవి డ్రైవర్ల తలలలో ఉన్నాయి.

అప్పుడు ఆ సంస్థ డ్రైవర్లు తప్పు, కంప్యూటరు ఒప్పు అనలేదు. లెక్కలను పక్కన పారవేయనూ లేదు. మ్యాపులను సరిదిద్దింది. వ్రాతలో లేని నియమాలను అడిగి తెలుసుకుని గణన పద్ధతిలో చేర్చింది. కొద్ది పైసల ఆదా కోసం రోజూ నడిచే వరుసను తారుమారు చేయకూడదన్న నియమం కూడా అందులో చేరింది. దూరం ఎంత తగ్గాలి, అలవాటైన క్రమం ఎంత నిలవాలి అన్నదాని మధ్య తూకం కుదిరిన తరువాతే ఆ వ్యవస్థ పనికివచ్చింది. 2003లో మొదలైన ప్రయత్నం దేశమంతటా అమలు కావడానికి పన్నెండేళ్ళు దాటడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మరొక మాట కూడా చెప్పాలి. అన్ని పరికరాలున్నా, ఆ సంస్థలో కొలతకు రాని కష్టం చాలాకాలం అలాగే మిగిలింది. ఎండాకాలంలో ఆ బండ్ల లోపలి వేడి అలాంటిది. ఎక్కువ బండ్లకు ఏసీ ఉండేది కాదు. 2024 జనవరి తరువాత కొనే పెద్ద డెలివరీ బండ్లకు ఏసీ అమర్చాలన్న నిర్ణయం 2023లో టీమ్‌స్టర్స్ కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చింది. తలుపు ఎన్నిసార్లు తెరుచుకున్నదో లెక్కించడం సంస్థకు అవసరమనిపించింది గనుక అది పట్టికలోకి ఎక్కింది. డ్రైవరుకు పట్టిన చెమటను లెక్కలోకి తేవడానికి డ్రైవర్లే గొంతెత్తవలసి వచ్చింది. ఏది కొలవాలో నిర్ణయించేది యంత్రం కాదు, మనిషి. కనుక ఆ నిర్ణయానికి బాధ్యత కూడా మనిషిదే.

ఇక ఉత్తరం వ్రాసిన సోదరుని విషయానికి వద్దాం.

సోదరా, మీ కుమారుడు చేసిన పని మంచిదే. రెండు నెలలు ఓపికగా వివరాలు వ్రాయించడం చిన్న విషయం కాదు. అతనిని నిరుత్సాహపరచకండి. అయితే అతని పట్టిక ఒక్క ప్రశ్నకే సమాధానం చెప్తున్నది: ఎవరు ఎన్ని దుకాణాలకు వెళ్ళారు? ఎవరు బాగా పనిచేశారు అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు అంటగట్టడం వల్లనే పొరపాటు జరుగుతున్నది.

ఒక ఉదాహరణ చూడండి. ఒక డ్రైవరు 30 దుకాణాలలో మూడేసి బస్తాలు దించితే 90 బస్తాలు. మరొకరు 19 దుకాణాలలో ఐదేసి దించితే 95. దుకాణాల లెక్కలో మొదటివాడు ముందున్నాడు, బస్తాల లెక్కలో రెండవవాడు. మరొక సంగతి. దుకాణం మూసి ఉన్న వేళ వెళ్ళి, సరుకు వెనక్కి తెచ్చి, మరునాడు మళ్ళీ వెళ్తే అది పట్టికలో రెండు పర్యాయాలుగా పడుతున్నదా? అలా పడుతుంటే, విఫలమైన ప్రయాణం కూడా డ్రైవరు ఘనతగా లెక్కకు వస్తున్నట్టే.

కనుక ఒక నెలపాటు మరికొన్ని గళ్ళు చేర్చి వ్రాయించండి. ఎన్ని బస్తాలు దించారు, ఎన్ని వెనక్కి వచ్చాయి, బండి ఎంత దూరం తిరిగింది, ఎంత పెట్రోలు పట్టింది, దుకాణం దగ్గర ఎంతసేపు ఆగవలసి వచ్చింది, పాత బాకీ ఎంత వసూలైంది, సరుకు చిరిగిందనో తక్కువైందనో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మీ ఖాతా పుస్తకమూ, మీ కుమారుని కంప్యూటరూ చాలు.

రెండవది, పోల్చదగిన వాటినే పోల్చండి. పెద్దాయనకు మీరు అప్పగించిన మార్గం ఏది? పాత పట్టణంలోని ఇరుకు గల్లీలా, దూరాన ఉన్న గ్రామాలా, బజారు రోడ్డా? ఇరుకు గల్లీలలో ట్రాలీని బయటే నిలిపి బస్తాలు భుజాన మోయవలసి వస్తే, బజారు రోడ్డు మీద తిరిగే యువకునితో ఆయనను పోల్చడం న్యాయం కాదు. దీనిని తేల్చుకునే మార్గం సులభమే. రెండు వారాలపాటు ఇద్దరి మార్గాలనూ మార్చండి. సంత రోజును సంత రోజుతో, మామూలు రోజును మామూలు రోజుతో పోల్చి చూడండి. ఆ మార్గంలో యువకుని లెక్క కూడా 19, 20 వద్దకే దిగివస్తే లోపం మనిషిలో లేదు, మార్గంలో ఉన్నది. అప్పుడు మీరు ఆలోచించవలసింది డ్రైవరును మార్చడం గురించి కాదు, ఆ మార్గాన్ని రెండుగా విభజించడం గురించి.

మూడవది కాలం సంగతి. ఆ రెండు నెలలు ఏవి? రమజాన్ నెలలో మన వ్యాపారాల తీరు వేరు. ఖర్జూరం, సేమ్యా, పిండి, నూనె, చక్కెర కదలిక పెరుగుతుంది, దుకాణాలు తెరిచే వేళలు మారతాయి, ఉపవాసంతో ఉన్న డ్రైవరు మధ్యాహ్నపు వేగమూ మారుతుంది. పైగా చాంద్రమాన సంవత్సరం ఏటా 11 రోజుల మేర ముందుకు జరుగుతుంది. మన దేశంలో రమజాన్ 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలైంది. కనుక ‘నిరుడు మార్చితో ఈ ఏడు మార్చి’ అని పోలిస్తే లెక్క తప్పుదారి పట్టిస్తుంది. రమజాన్‌ను రమజాన్‌తోనే పోల్చాలి. బయట తయారైన సాఫ్ట్‌వేర్ ఈ సంగతిని తనంతట తాను గుర్తించకపోవచ్చు. మీ వ్యాపారం ఎవరి మధ్య నడుస్తున్నదో తెలిసిన మీరే దానికి చెప్పాలి.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఆ పెద్దాయనను అడిగారా? మీ ఉత్తరంలో కుమారుని మాట ఉన్నది, మీ మాట ఉన్నది, ఆయన మాట ఒక్కటీ లేదు. తన గురించి అలాంటి పట్టిక తయారైందని కూడా ఆయనకు తెలియదేమో. మషూరా చేయడమంటే నిర్ణయమైన తరువాత కబురు చెప్పడం కాదు. మీ కుమారుణ్ణి ఒక వారం ఆయన పక్కన బండిలో కూర్చోబెట్టండి. ఏ దుకాణం ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏ యజమాని డబ్బు ఏ రోజు ఇస్తాడు, ఏ వీధిలో వానాకాలం బండి దిగబడుతుంది, ఏ పిండి మర దగ్గర బస్తా ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ వ్రాసుకొమ్మనండి. పద్నాలుగేళ్ళ అనుభవం ఒక్క మనిషి తలలోనే ఉండిపోవడం మీ వ్యాపారానికీ మంచిది కాదు. రేపు ఆయన జబ్బుపడితే మీ దగ్గర మిగిలేది ‘19’ అన్న అంకె మాత్రమే.

ఇవన్నీ చేసిన తరువాత, మార్గం సమానమైనా, కాలం సమానమైనా ఆయన నిజంగానే వెనుకబడుతున్నాడని తేలితే? అలా తేలవచ్చు. వయసు ఎవరినీ విడిచిపెట్టదు. అప్పుడు ఆ నిజాన్ని మీరు దాచుకోనవసరం లేదు. గోడౌన్ దగ్గర సరుకు సరిచూసే పని, బాకీల వసూలు, కొత్త డ్రైవర్లకు దారులు చూపే పని వంటివాటిలో ఆయనకు తగినది ఇవ్వండి. ముందుగా ఆయనతో ఏకాంతంలో, గౌరవంగా మాట్లాడండి. అందరి ముందు పట్టిక గోడకు అంటించి చూపకండి. వ్యాపారం నిలబడాలన్న మీ ఆలోచనలో తప్పు లేదు, అది నిలబడితేనే ఆరు కుటుంబాల పొయ్యి వెలుగుతుంది. అయితే పద్నాలుగేళ్ళ చాకిరీకి ముగింపు ఒక్క సగటు అంకె మీద వ్రాయకూడదు.

కుమారునికి కూడా రెండు మాటలు.

నాయనా, చెల్లింపును దుకాణాల సంఖ్యకు ముడిపెట్టాలని నీకు త్వరలో తోచవచ్చు. ముందే ఆలోచించు. దేనికి డబ్బు ఇస్తావో అదే పెరుగుతుంది, మిగిలినది తరిగిపోతుంది. సంఖ్యకే డబ్బిస్తే డ్రైవర్లు దగ్గరి దుకాణాలకే పరుగెత్తుతారు, దూరపు గ్రామం రేపటికి వాయిదా పడుతుంది, బస్తాలు విసిరినట్లు దిగుతాయి, బండి వేగం పెరుగుతుంది. ప్రమాదం జరిగిన రోజున ఆ పట్టిక ఎవరికీ జవాబు చెప్పదు.

ఇంకొకటి. డ్రైవరు ఫోనులో నువ్వు సేకరిస్తున్న సమాచారం, దుకాణదారుల ఫోను నంబర్లు, బాకీల వివరాలు నీ దగ్గర అమానతు వంటివి. ఏమి నమోదు చేస్తున్నావో, ఎందుకో వారికి చెప్పు. పని వేళ ముగిసిన తరువాత డ్రైవరు ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవలసిన అవసరం నీకు లేదు, ఆ నమోదును ఆపివేయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ కోసం మన దేశం 2023లో ఒక చట్టాన్ని కూడా చేసింది. చట్టం లేకపోయినా ఒకరి ఖాతా సంగతి మరొకరికి చెప్పని వర్తకుడినే నలుగురూ నమ్ముతారు.

చివరగా మిగిలిన పాఠకులకు. మనలో చాలా ఇళ్ళలో యజమానులు లేరు, డ్రైవర్లున్నారు. కొడుకో తమ్ముడో భుజాన సంచి తగిలించుకుని బండి మీద భోజనమో, మందులో, పార్సెలో అందించి రాత్రి పొద్దుపోయి ఇంటికి వస్తున్నాడు. ఇలా యాప్‌ల ద్వారా, తాత్కాలిక పనుల మీద ఆధారపడినవారు 2020-21లో దేశంలో 77 లక్షల మంది అని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరవచ్చని నీతి ఆయోగ్ 2022లో ప్రచురించిన నివేదిక అంచనా వేసింది. వారిలో ప్రతి ఒక్కరి పనినీ ఎక్కడో ఒక పట్టిక కొలుస్తూనే ఉంటుంది. ఆ పట్టికను తయారుచేసేవారు మనకు కనబడరు, మన మాట వారికి వినబడదు. కాని మన గుమ్మానికి వచ్చే మనిషి మనకు కనబడతాడు. చిరునామా స్పష్టంగా చెప్పడం, ఫోను చేసిన వెంటనే బయటికి రావడం, లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే మనమే దిగి రావడం, ఎండలో గ్లాసెడు మంచినీళ్ళు ఇవ్వడం మన చేతిలో ఉన్న పనులే. ఆలస్యానికి కారణం అడగకుండానే తక్కువ మార్కులు వేస్తే, ఆ అంకె వెనుక ఉన్న మనిషి మాట మనమూ వినలేదన్నమాట.

ఉత్తరం వ్రాసిన సోదరునికి మా విన్నపం ఒక్కటే. తొందరపడి నిర్ణయం తీసుకోకండి, అలాగని నాన్చకండి కూడా. ఒక నెల పైన చెప్పిన వివరాలు వ్రాయించండి, రెండు వారాలు మార్గాలు మార్చి చూడండి, ఒక సాయంత్రం మీరూ మీ కుమారుడూ ఆ పెద్దాయనా కలిసి చాయ్ ముందు కూర్చుని పట్టికను చదవండి. ఏమి తేలిందో మాకు మళ్ళీ వ్రాయండి. మీ వంటి ఇబ్బందిలో ఉన్న మరికొందరు పాఠకులకు అది ఉపయోగపడుతుంది. అల్లాహ్ మీ వ్యాపారంలో బర్కత్ ప్రసాదించుగాక.